లైసెన్స్ తుపాకీ ఉంటే పేలే తూటాలు కూడా కొనుక్కోవచ్చా? అడవి పందులతో చచ్చిపోతున్నాం

గిద్దలూరు_కుర్రోడు
అందరికీ నమస్తే. మాది నల్లమల అంచున పల్లె. నాన్నకి 12 బోర్ డబుల్ బారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ ఉంది, తాత పోయాక లైసెన్స్ నాన్న పేరు మీద చేయించుకున్నాం, పంట కాపలాకనే. ఈ ఏడు మొక్కజొన్న ఎకరంన్నర పందులే నమిలేశాయి, నాన్న రాత్రుళ్ళు మంచె మీదే పడుకుని డబ్బా కొట్టీ కొట్టీ మనిషి సగమయ్యాడు. మొన్న ఒకాయన ఇంటికొచ్చి "నీ తుపాకీలోకే పట్టే తూటాలు ఉన్నాయి, గుండు తగిలాక లోపల పేలుద్ది, ఎంత పందైనా అక్కడే కూలబడుద్ది" అన్నాడంట, పది తూటాలకి రేటు కూడా చెప్పిపోయాడు. యూట్యూబ్‌లో చూస్తే అమెరికా వాళ్ళు ఇలాంటివి హాయిగా కాలుస్తున్నారు, నిప్పులు చిమ్మేవి ఉన్నాయి, తగలగానే భళ్ళుమనేవి ఉన్నాయి. నా డౌటు ఒకటే, తుపాకీకి లైసెన్స్ ఉంది, తూటాలు కొనుక్కోవడానికి పర్మిషన్ ఉంది, మరి ఈ తూటా కొంటే తప్పేంటి? నాన్న సగం ఒప్పుకున్నట్టే ఉన్నాడు, వచ్చే ఆదివారం ఆ మనిషి మళ్ళీ వస్తాడు, కాస్త త్వరగా చెప్పండి.

కోర్టుమెట్లు
తమ్ముడూ, ముందు నాన్నగారికి ఫోన్ చేసి ఆ మనిషి దగ్గర ఒక్క తూటా కూడా, చూడ్డానికని కూడా, చేతిలోకి తీసుకోవద్దని చెప్పు. తర్వాత ఇది చదువు.

మన దగ్గర ఆయుధాల చట్టం 1959ది. అందులో 2వ సెక్షన్‌లో మందుగుండుకి ఇచ్చిన అర్థం చాలా పెద్దది, తుపాకీ తూటాలే కాదు, రాకెట్లు, బాంబులు, గ్రెనేడ్లు, షెల్స్, పేలుడు పదార్థం ఉన్న లేదా పట్టేలా తయారుచేసిన వస్తువు ఏదైనా, అది తుపాకీలో పట్టినా పట్టకపోయినా మందుగుండే. దాని కిందే నిషిద్ధ మందుగుండు అని ఇంకోటి ఉంది. విషవాయువు లాంటివి నింపినవీ, బాంబులు, గ్రెనేడ్లు, షెల్స్, మిసైళ్ళు అన్నీ అందులోకొస్తాయి. ఈ నిషిద్ధ సరుకు గురించి 7వ సెక్షన్ ఏం చెప్తుందంటే, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎవరూ దగ్గర పెట్టుకోకూడదు, మోయకూడదు, వాడకూడదు, చేయకూడదు, అమ్మకూడదు. కలెక్టర్ గారో కమిషనర్ గారో ఇచ్చిన మీ 12 బోర్ లైసెన్స్ ఆ గడప దాకా కూడా రాదు.

శిక్ష చూడు. 2019 సవరణకి ముందు నిషిద్ధ మందుగుండు దగ్గరుంటే 5 నుంచి 10 ఏళ్ళు. ఇప్పుడు తక్కువలో తక్కువ 7, ఎక్కువలో 14 ఏళ్ళు. తయారుచేసినా అమ్మినా 10 ఏళ్ళ నుంచి జీవితకాలం. పంది కోసం కొన్నానంటే నేరం నేరం కాకుండా పోదు.

పాలమూరు_పోరడు
అన్నా నాకొకటి అర్థమైతలేదు. మామూలు 12 బోర్ తూటాల కూడ మందు ఉంటది కదా, అది పేలితేనే కదా గుండ్లు పోయేది. మరి అది లీగల్, ఇది ఇల్లీగల్ ఎట్లైతది? రైతు పంట కాపాడుకునుడు కూడ నేరమేనా ఈ దేశంల. ఢిల్లీల కూసున్నోళ్ళకు పందులు ఏం చేస్తయో తెల్వది.

రేంజ్_రాధ
పాలమూరు బ్రో, రైతు కష్టం గురించి మీరన్నది నిజం, దాని మీద నాకు వాదన లేదు. కానీ తూటా విషయంలో తేడా చాలా పెద్దది, నేను హైదరాబాద్‌లో రేంజ్‌లో (తుపాకీ సాధన చేసే చోట) ట్రాప్ షూటింగ్, అంటే గాల్లోకి విసిరిన పళ్ళేల్ని కాల్చే ఆట ఆడతాను కాబట్టి చెప్తున్నా. మామూలు తూటాలో మందు డొక్కులో, అంటే కేస్‌లో ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే అది చరచరా కాలి గ్యాస్ పుట్టి గుండ్లని బయటికి తోస్తుంది. బయటికి పోయేది ఉత్త సీసం ముక్క, తగిలిన చోట దెబ్బ తగలడం తప్ప ఇంకేం జరగదు. వీళ్ళు చెప్పే తూటాలో గుండు లోపల కూడా పేలుడు పదార్థం ఉంటుంది, తగిలాక రెండోసారి పేలడానికి. అంటే తుపాకీతో విసిరే చిన్న బాంబు అది.

ఇంకో మాట, ఎవరో ఇంట్లో కూర్చుని నింపిన సరుకు అది. ఫ్యాక్టరీ తూటాలే తడిసినా పాతబడినా మేం వాడం. కదిలిస్తే పేలే గుండుని బారెల్లో పెడితే అది పంది దగ్గరికి పోయేదాకా ఆగుతుందన్న గ్యారంటీ ఎవడిస్తాడు? తాతగారి నాటి డబుల్ బారెల్ అంటున్నారు, ఆ గొట్టం నాన్నగారి మొహానికి జానెడు దూరంలో ఉంటుంది. చట్టం సంగతి తర్వాత, ముందు అది ఆలోచించండి.

డల్లాస్_శీనన్న
అమెరికా వీడియోల మాట వచ్చింది కాబట్టి నేను చెప్పాల్సిందే, ఎందుకంటే ఇక్కడికి కొత్తగా వచ్చిన మన పిల్లలు కూడా ఇదే భ్రమలో ఉంటారు, అమెరికాలో అంతా ఫ్రీ అని.

ఇక్కడ 1934లో నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ వచ్చింది, అప్పట్లో మెషిన్ గన్నులు గ్యాంగ్‌స్టర్ల చేతిలో ఉండేవి కాబట్టి వాటి మీద 200 డాలర్ల పన్ను, రిజిస్ట్రేషన్ పెట్టారు. 1968లో గన్ కంట్రోల్ యాక్ట్ వచ్చినప్పుడు దానికి డిస్ట్రక్టివ్ డివైస్ అనే కొత్త తరగతి కలిపారు. బాంబు, గ్రెనేడ్, మైన్, నాలుగు ఔన్సుల కంటే ఎక్కువ మందున్న రాకెట్, ఇంకా పావు ఔన్స్ కంటే ఎక్కువ పేలుడు పదార్థమో నిప్పు పదార్థమో నింపిన గుండు, ఇవన్నీ అందులోకే. పావు ఔన్స్ అంటే సుమారు 7 గ్రాములు. ముఖ్యమైంది ఏంటంటే తుపాకీకి ఒకసారి కట్టేస్తే సరిపోదు, అలాంటి ప్రతి గుండూ విడిగా ఒక డివైస్ లెక్క, ప్రతి గుండుకీ అప్లికేషన్, వేలిముద్రలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, 200 డాలర్లు. పేల్చేశాక 200 డాలర్లు గాల్లోకే. రిజిస్టర్ చేయకుండా దొరికితే పదేళ్ళ దాకా జైలు. ఈ 2026 జనవరి నుంచి సైలెన్సర్లకీ పొట్టి రైఫిళ్ళకీ ఆ పన్ను సున్నా చేశారు కానీ మెషిన్ గన్నులకీ ఈ డిస్ట్రక్టివ్ డివైసులకీ 200 అలాగే ఉంచారు. తుపాకుల మీద ఇంత ప్రేమున్న దేశమే దీని దగ్గర వెనక్కి తగ్గలేదు.

రాష్ట్రాల చట్టాలు వేరే. కాలిఫోర్నియాలో లోపల పేలుడు పదార్థం ఉన్న బుల్లెట్ అసలు ఉండకూడదు, పావు ఔన్స్ లెక్క కూడా లేదు. ఫ్లోరిడాలో పేలే తూటాలతో పాటు మీరు వీడియోలో చూసిన ఆ నిప్పులు చిమ్మే డ్రాగన్స్ బ్రెత్ షాట్‌గన్ తూటాల మీద కూడా నిషేధం ఉంది.

బే_ఏరియా_హర్ష
శీనన్నా, హెచ్1బీ వాళ్ళ గురించి కూడా చెప్పండి ప్లీజ్. మా టీమ్‌లో ఇద్దరు లాంగ్ వీకెండ్‌కి నెవాడా వెళ్ళి ఆ రెండు పొడులు కలిపే పేలుడు టార్గెట్ కాలుద్దాం అని ప్లాన్ చేస్తున్నారు, షాపులోనే అమ్ముతున్నారు కదా అంటున్నారు.

డల్లాస్_శీనన్న
హర్షా, ఆపేయమను. హెచ్1బీ, ఎఫ్1, బీ1 ఇవన్నీ నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాలు. ఫెడరల్ చట్టం, అంటే అమెరికా మొత్తానికీ వర్తించే చట్టం ప్రకారం వీళ్ళు తుపాకీ కాదు కదా ఒక్క తూటా కూడా దగ్గర పెట్టుకోకూడదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, అందులో మనవాళ్ళు వాడేది రాష్ట్రం ఇచ్చే హంటింగ్ లైసెన్స్, అందుకే రేంజ్‌కి వెళ్ళేముందు ఆన్‌లైన్‌లో అది తీసుకుంటారు. కానీ పేలుడు పదార్థాల చట్టం వేరే చట్టం, 2002లో సేఫ్ ఎక్స్‌ప్లోజివ్స్ యాక్ట్ వచ్చాక గ్రీన్ కార్డ్ లేని విదేశీయుడు పేలుడు పదార్థం దగ్గర పెట్టుకోకూడదు, అక్కడ హంటింగ్ లైసెన్స్ పనిచేయదు. ఆ రెండు పొడులు విడివిడిగా డబ్బాల్లో ఉన్నంతసేపు ఒక లెక్క, కలిపిన క్షణం నుంచి అది పేలుడు పదార్థమే. షాపువాడు అమ్మాడు అంటే వాడి వైపు తప్పు లేదని, మీ వైపు లేదని కాదు. తుపాకీ, డిస్ట్రక్టివ్ డివైస్ కేసులో శిక్ష పడితే డిపోర్టేషన్‌కి అదొక్కటే సరిపోతుంది. పదేళ్ళ నుంచి గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్న పిల్లలు ఒక సెలవు రోజు సరదా కోసం అంతా పోగొట్టుకోవడం నాకు తలుచుకుంటేనే కడుపులో దేవినట్టుంటుంది.

పాలమూరు_పోరడు
మరి ఆ పావు ఔన్స్ కన్న తక్కువ ఉంటే? చిన్న బుల్లెట్ల అంత మందు పట్టదు కదా. అంటే అక్కడ చిన్న పేలే తూటా లీగలేనా?

డల్లాస్_శీనన్న
మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. ఆ సందులోంచే 1981లో పెద్ద ఘోరం జరిగింది. మార్చి 30న వాషింగ్టన్‌లో హోటల్ బయట జాన్ హింక్లీ అనేవాడు అధ్యక్షుడు రీగన్ మీద ఆరు రౌండ్లు కాల్చాడు, రెండు సెకన్లు కూడా పట్టలేదు. చిన్న .22 రివాల్వర్ అది, మా డల్లాస్‌లోనే తాకట్టు కొట్టులో కొన్నాడు. అందులో వేసినవి డివాస్టేటర్ అనే రకం తూటాలు, ముక్కులో లెడ్ అజైడ్ అనే పేలుడు పదార్థం ఉంటుంది, తగలగానే పేలేలా చేసినవి. అంత చిన్న గుండులో పావు ఔన్స్ ఎక్కడ పడుతుంది, కాబట్టి ఫెడరల్ చట్టం కింద అది డిస్ట్రక్టివ్ డివైస్ కాలేదు. ఆరింటిలో పేలింది ఒకటే, అది ప్రెస్ సెక్రటరీ జేమ్స్ బ్రాడీ తలలో. ఆయన బతికాడు కానీ మిగతా జీవితం చక్రాల కుర్చీలోనే గడిచింది, 2014లో పోతే ఆ గాయం వల్లే పోయాడని డాక్టర్లు హత్యగా రాశారు.

ఇంకోటి చెప్తాను. డెలహంటీ అనే పోలీసు మెడలో ఒక గుండు ఉండిపోయింది. మొదట తీయక్కర్లేదనుకున్నారు. అది పేలే రకమని తర్వాత తెలిసింది, మనిషి ఒంట్లోనే ఎప్పుడైనా పేలొచ్చని, సర్జన్లు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు వేసుకుని ఆపరేషన్ చేసి తీశారు. డాక్టరు పేషెంట్‌ని చూసి జాకెట్ వేసుకోవాల్సిన తూటా అది. అప్పుడే కొత్తగా ఇంజనీరింగ్‌కి ఇక్కడికొచ్చిన మా పెదనాన్న ఈ విషయం ఎన్నిసార్లు చెప్పేవాడో.

చరిత్ర_మాస్టారు
చాలా విలువైన చర్చ. ఒక చిన్న పాత సంగతి కలుపుతాను. పేలే బుల్లెట్ మీద మొదటి నిషేధం పౌరుల గురించి కాదు, సైన్యాల గురించి. 1863లో రష్యా సైన్యం ఒక గుండు తయారుచేసింది, శత్రువుల మందుగుండు బళ్ళని పేల్చడానికి, గట్టి వస్తువుకి తగిలితేనే పేలేది. 1867 వచ్చేసరికి మెత్తటి వస్తువుకి తగిలినా పేలేలా మార్చారు. మెత్తటి వస్తువంటే మనిషి శరీరమే కదా. దాంతో రష్యా ప్రభుత్వానికే భయం పట్టుకుని 1868లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పలు దేశాల్ని కూర్చోబెట్టి, 400 గ్రాముల లోపు బరువుండే పేలే గుండు యుద్ధంలో వాడకూడదని ఒప్పందం చేయించింది. ఆయుధం తయారుచేసుకున్న దేశమే దాన్ని వద్దనడం అరుదు.

అప్పటి ఉమ్మడి భారతదేశంలోనూ దీని జాడ ఉంది. సింధ్‌లో జాన్ జాకబ్ అనే ఆంగ్ల అధికారి (జాకబాబాద్ ఊరు ఆయన పేరు మీదే) 1850ల్లో పేలే గుండు కాల్చే రైఫిల్ తయారుచేయించాడు. ఇక డమ్‌డమ్ బుల్లెట్ అని మనవాళ్ళు అనేది వేరు, అది కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో పుట్టింది, తగిలాక పువ్వులా విచ్చుకుంటుంది, లోపల పేలుడు పదార్థం ఉండదు. దాన్ని 1899 హేగ్ ప్రకటనలో విడిగా నిషేధించారు. పేపర్లలో ఈ రెండూ కలిపేసి రాస్తుంటారు, అందుకే చెప్పాను.

రేంజ్_రాధ
థాంక్యూ మాస్టారూ. హాలో పాయింట్ (ముక్కు దగ్గర గుంట ఉండి, తగిలాక విచ్చుకునే బుల్లెట్) అంటే పేలే బుల్లెట్ అనుకునేవాళ్ళు రేంజ్‌లో కూడా ఉన్నారు. బ్రిటన్‌లో కూడా 1968 ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ 5వ సెక్షన్ కింద తగలగానే పేలే బుల్లెట్ ఉన్న తూటాలు మామూలు లైసెన్స్ మీద ఇవ్వరు, మంత్రి స్థాయి అనుమతి కావాలి.

సీమబిడ్డ
నేను ఇంతవరకు చదువుతా ఊరికే ఉండా, ఇప్పుడు చెప్తా. మాది కడప జిల్లా. నా చిన్నప్పుడు మా ఊర్లో నాటు బాంబులంటే కొత్త కాదు, ఫ్యాక్షన్ రోజులు, గడ్డివాముల్లో, పాత బావుల్లో, బక్కెట్లల్లో దాచేటోళ్ళు. దాచినోడు చచ్చిపోయినా అవి ఆడే ఉండేవి. మా ఇంటి పక్కన పిల్లోడు, నాకంటే రెండేళ్ళు చిన్నోడు, వామి కాడ ఆడుకుంటా గుండ్రంగా ఉండేదేదో దొరికితే బంతి అనుకోని ఎత్తినాడు. కుడిచెయ్యి మణికట్టు కాడికి పోయింది, ఒక కన్ను పోయింది. వాడికి ఏ ఫ్యాక్షనూ తెలీదు. ఇప్పుడు ఎడంచేత్తో సంతకం పెడతాడు, కిరాణా కొట్టు నడుపుతాడు, కొట్లోకి పోయినప్పుడల్లా నాకు ఆ శబ్దమే గుర్తొస్తాది.

గిద్దలూరు తమ్ముడూ, పది తూటాలు కొంటే మీ నాయన రెండు కాలుస్తాడు, మిగిలిన ఎనిమిది యాడ పెడతాడు? బీరువాలోనా, దూలం మీదా, ఎరువు మూటల నడుమనా? మీ ఇంట్లో పిల్లోళ్ళు లేరా?

కోర్టుమెట్లు
సీమబిడ్డ గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏం టైప్ చేయలేకపోయాను.

నాటు బాంబుల మాట వచ్చింది కాబట్టి రెండో చట్టం కూడా చెప్తాను, ఎందుకంటే ఇలాంటి కేసుల్లో పోలీసులు ఆయుధాల చట్టంతో పాటు దాన్నీ కలుపుతారు. 1908 నాటి ఎక్స్‌ప్లోజివ్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్. 3వ సెక్షన్, ప్రాణానికో ఆస్తికో ప్రమాదం కలిగేలా పేల్చితే 10 ఏళ్ళ నుంచి జీవితకాలం. 5వ సెక్షన్ ఇంకా గట్టిది, పేల్చక్కర్లేదు, అనుమానం కలిగే పరిస్థితిలో పేలుడు పదార్థం దగ్గరుంటే చాలు, 10 ఏళ్ళ దాకా పడొచ్చు. అది చట్టబద్ధమైన పని కోసమే పెట్టుకున్నానని నువ్వే చూపించుకోవాలి, మామూలు క్రిమినల్ కేసులకి తిరగేసి. ఒక రక్షణ ఉంది, జిల్లా మేజిస్ట్రేట్ సమ్మతి లేకుండా ఈ చట్టం కింద కోర్టు విచారణ ముందుకు పోదు, కానీ అరెస్టూ జైలూ అప్పటికే అయిపోయి ఉంటాయి.

మూగజీవాల_డాక్టరు
నేను పశువుల డాక్టర్‌ని, పల్లెల్లోనే పదిహేనేళ్ళు. తూటా కాకపోతే పంది బాంబు పెడదాం అనే ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి నా మాట వినండి. తిండిలో చుట్టి దారిలో పడేసే ఆ బాంబు ఎవరు కొరుకుతారో పెట్టినవాడి చేతిలో లేదు. నా దగ్గరికి కింది దవడ లేని ఆవులు వచ్చాయి. నాలుక సగం ఊడి వేలాడుతూ, నీళ్ళు కనిపిస్తున్నా తాగలేక, తొట్టి దగ్గరే నిలబడి చూస్తూ ఉండేవి. కుట్టడానికి ఏమీ మిగలదు. నేను చేయగలిగింది నొప్పి తెలియకుండా చేయడమే. ఒకసారి పాలిచ్చే ఆవు, దూడ ఇంకా తాగుతోంది, ఆ ఇంటావిడ నా చేతులు పట్టుకుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

2020 మేలో కేరళ పాలక్కాడ్ జిల్లాలో కడుపుతో ఉన్న ఏనుగు నోట్లో పేలుడు పదార్థం పేలి, నొప్పికి నదిలో దిగి తొండం నీళ్ళలో పెట్టుకుని నిలబడి నిలబడి మే 27న చనిపోయింది. దాదాపు రెండు వారాలు తిండీ నీళ్ళూ లేవు దానికి. దేశమంతా కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ రోజుల్లోనే హిమాచల్‌లో బిలాస్‌పూర్ జిల్లాలో పిండి ముద్దలో పెట్టిన బాంబు కొరికి కడుపుతో ఉన్న ఆవు దవడ పోయింది. వార్తల్లోకొచ్చినవి రెండే, నేను చూసినవి ఎవరికీ తెలియవు.

పాలమూరు_పోరడు
డాక్టర్ సాబ్, మా బర్రె కూడ గట్లనే పోయింది మూడేండ్ల కింద. నేను గది పంది బాంబని అప్పుడు అనుకోలే, పాము కరిచిందనుకున్నం. నేను ముందుగాల మాట్లాడింది వెనక్కి తీసుకుంటున్న. కాని అన్నా, ఊరికే వద్దు వద్దంటే రైతు ఏం చెయ్యాలె? మామూలు తూటాతోని కొట్టొచ్చా పందిని? గదన్నా చెప్పుర్రి.

కోర్టుమెట్లు
చెప్పాల్సిందే, సగం చెప్పి ఊరుకుంటే తప్పు. అడవి పంది వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద రక్షణలో ఉంది, 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూల్‌లో. మామూలు తూటాతో అయినా సరే, లైసెన్స్ తుపాకీతో అయినా సరే, అనుమతి లేకుండా కొడితే వేట కేసు. 3 ఏళ్ళ దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, రెండూ కూడా. కానీ దారి లేదని కాదు. 11వ సెక్షన్ చూడండి, రెండో షెడ్యూల్ జంతువు మనుషుల ప్రాణానికి లేదా ఆస్తికి ప్రమాదమైతే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల విషయం చూసే పెద్ద అధికారి), లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా కారణాలు రాసి కొట్టడానికి అనుమతివ్వచ్చు. ఆస్తి అంటే పొలంలో నిలబడ్డ పంట కూడా అని చట్టంలోనే రాసి ఉంది. కాబట్టి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అర్జీ పెట్టండి, పంట నష్టం ఫోటోలు, పాస్‌బుక్ కాపీ పెట్టండి, అర్జీ తీసుకున్నట్టు సంతకం, తేదీ వేయించుకోండి. ఒక్కరే పోకండి, చుట్టుపక్కల పొలాల వాళ్ళంతా కలిసి పెడితే బరువుంటుంది. ఆఫీసులు కదలడానికి టైమ్ పడుతుందన్నది నిజం, అది నాకూ కోపమే, పంట ఆగదు కదా.

బే_ఏరియా_హర్ష
మా వాళ్ళు నెవాడా ప్లాన్ కాన్సిల్ చేశారు, థాంక్స్ శీనన్నా. ఒక చిన్న డౌట్, రేంజ్‌లో దొరికిన ఖాళీ డొక్కు ఇండియాకి బ్యాగులో తీసుకెళ్తే?

కోర్టుమెట్లు
తీసుకెళ్ళొద్దు. ఖాళీదే అని నువ్వనుకుంటావు, స్కానర్‌లో తూటా ఆకారం కనిపిస్తుంది, ఫ్లైట్ పోతుంది, స్టేషన్‌కి తీసుకెళ్తారు. బ్యాగు అడుగున మర్చిపోయిన ఒక్క బతికున్న తూటా వల్ల ఎయిర్‌పోర్టుల్లో కేసులైనవాళ్ళు చాలామందే. తెలిసి పెట్టుకుంటేనే నేరమని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ వాదన మీద హైకోర్టుల్లో కేసులు కొట్టేయించుకున్నవాళ్ళూ ఉన్నారు, కానీ హైకోర్టు దాకా పోయి రావడం చిన్న విషయం కాదు. రేంజ్ నుంచి వచ్చాక బ్యాగు ప్రతి జేబూ తిరగేసి దులుపు.

గిద్దలూరు_కుర్రోడు
అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. నిన్న రాత్రి నాన్నకి ఫోన్‌లో ఇవన్నీ చదివి వినిపించాను. 7 ఏళ్ళు 14 ఏళ్ళు అన్నప్పుడు ఏం మాట్లాడలేదు, సీమబిడ్డ అన్న రాసింది చదివినప్పుడు మాత్రం "అక్క పిల్లలు సెలవలకి వస్తారు కదరా" అన్నాడు, అంతే, ఫోన్ పెట్టేశాడు. పొద్దున ఆ మనిషికి రావద్దని కబురు పంపాడు. ఒక డౌటు మిగిలింది, వాడు మా ఊళ్ళో ఇంకెవరికైనా అమ్మి ఉంటాడు, పక్కూరికీ పోతాడు. మేం కొనలేదు కదా, మాకెందుకులే అని ఊరుకోవచ్చా? నాన్న పోలీసుల దగ్గరికంటే భయపడుతున్నాడు.

కోర్టుమెట్లు
ఊరుకోకూడదు తమ్ముడూ. ఆయుధాల చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింద నేరం జరుగుతోందని తెలిసినవాడు సరైన కారణం లేకపోతే దగ్గర పోలీస్ స్టేషన్‌కి చెప్పాలి. నాన్నగారిని ఒంటరిగా పంపకు, ఊళ్ళో పెద్దమనిషిని ఎవరినైనా తోడు తీసుకెళ్ళమను, తుపాకీ లైసెన్స్ బుక్కు, కొన్న తూటాల లెక్క దగ్గర పెట్టుకుని వెళ్ళమను. ఏమీ కొనలేదు, ముట్టుకోలేదు, ఆ మనిషి వచ్చి అడిగాడు అని ఉన్నది ఉన్నట్టు రాసివ్వమను. లైసెన్స్ గడువు కూడా చూసుకోండి, 2019 సవరణ తర్వాత 5 ఏళ్ళకి ఇస్తున్నారు, మీది అంతకుముందు 3 ఏళ్ళ లెక్కలో ఉన్న పాతదైతే ఎప్పుడైపోయిందో తెలియకుండా ఉండొచ్చు.

సీమబిడ్డ
స్టేషన్‌కి పోయేటప్పుడు ఇంకో మాట చెప్పమను మీ నాయనకు. ఎవరింట్లో అయినా ఇప్పటికే తూటాలుంటే వాళ్ళే తీసి తేవద్దు, యాడుందో చెప్తే చాలు, పోలీసోళ్ళు బాంబు స్క్వాడ్‌ను పిలిపిచ్చుకుంటారు. మా ఊర్లో మంచికని బక్కెట్ ఎత్తుకొచ్చి ఇచ్చేదానికి పోయినోడు దారిలోనే పోయినాడు.

గిద్దలూరు_కుర్రోడు
సరే అన్నా. రేపు పొద్దున్నే మా మామ, నాన్న కలిసి వెళ్తున్నారు, ఫారెస్ట్ ఆఫీసులో ఇవ్వడానికి అర్జీ కూడా రాసిపెట్టాం, పదకొండు మంది రైతులు సంతకాలు పెట్టారు. లైసెన్స్ బుక్కు తీసి చూశాం, ఇంకా ఏడు నెలలుంది.